ప్రతికృతి కన్సోళ్ళు: పాత కార్ట్రిడ్జి ఆటలు, నేటి టెలివిజనులు

టెలివిజనునకు తగిలించి ఆడుకొను వీడియో ఆటల యంత్రమును కన్సోలు అందురు. ఒక సంస్థ తన కన్సోలు కొరకు వెలువరించిన కార్ట్రిడ్జిలను, ఆ సంస్థతో ఎట్టి సంబంధమును లేని వేరొక నిర్మాత తన సొంత యంత్రముపై నడుచునట్లు చేసినప్పుడు, ఆ రెండవ యంత్రమునకు ప్రతికృతి కన్సోలు లేక క్లోను అని పేరు. 1980ల నాటి ఆటలు నేటికిని లక్షలకొలది కార్ట్రిడ్జిలలో చెక్కుచెదరక నిలిచియుండగా, వానిని నడుపవలసిన యంత్రములు వృద్ధములై, ఆ యంత్రముల చిత్రమును చూపవలసిన పిక్చరు ట్యూబు టెలివిజనులు అంగళ్ళనుండి అదృశ్యములైన ఈ కాలమున, ప్రతికృతి కన్సోలు చవుకబారు ఆటవస్తువను పూర్వపు అపఖ్యాతిని దాటి, ఒక తరము సృజించిన కళను మరల కన్నులారా చూచుటకు మిగిలిన ముఖ్యసాధనముగా పరిగణింపబడుచున్నది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ అను సంస్థలు కలిసి 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు విపణిలో లభించుట లేదు. పాత కార్ట్రిడ్జియే ఆధారమైన ఆటలెన్ని కలవో దీనివలన ఊహింపవచ్చును. ఈ వ్యాసమున జపాను దేశపు నింటెండో సంస్థవారి ఫామికామ్ యంత్రమును ప్రధానోదాహరణముగా గ్రహించితిమి. ఏలయన, అంతగా అనుకరింపబడిన కన్సోలు మరియొకటి లేదు.

ఆటను యంత్రమునుండి వేరుచేసి, ఇష్టమువచ్చినప్పుడు మార్చుకొనదగిన పెట్టెలో అమర్చవచ్చునను ఆలోచన ఒక్కసారిగా పుట్టినది కాదు. 1972లో అమెరికాలో వెలువడిన మాగ్నవాక్స్ ఒడిస్సీ కన్సోలునకు చొప్పించు కార్డులుండెను గాని, వానిలో ప్రోగ్రామనునది లేదు. యంత్రములోని విద్యుత్ మార్గములను ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క తీరున కలుపుట మాత్రమే వాని పని. స్మృతిచిప్పుపై ప్రోగ్రామును శాశ్వతముగా ముద్రించి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అమ్ము పద్ధతి 1976 నవంబరులో ఫెయిర్‌చైల్డ్ సంస్థ వెలువరించిన చానెల్ ఎఫ్ కన్సోలుతో ఆరంభమైనది. అంతవరకు చిప్పులనగా కర్మాగారములలో నేర్పరులైన పనివారు మాత్రమే తాకు సుకుమారవస్తువులు. వానిని పసిపిల్లలు దినమునకు పదిమార్లు ఊడబెరికి మరల చొప్పించినను చెడకుండునట్లు కార్ట్రిడ్జిని తీర్చిన ఘనత, ఆ యంత్ర నిర్మాణమునకు నాయకత్వము వహించిన నల్లజాతి ఇంజనీరు జెర్రీ లాసన్‌కును ఆయన సహచరులకును చెందును. ఆయన పేరు చాలకాలము మరుగున పడియుండుట విచారకరము. మరుసటి సంవత్సరమున అటారీ 2600 వెలువడి ఈ పద్ధతిని లోకవ్యాప్తము చేసెను. ఉత్తర అమెరికాలో ఆటల వ్యాపారము కుప్పకూలిన 1983లోనే, జులై 15వ తేదీన, మసయుకి ఉయెమురా రూపొందించిన ఫామికామ్ జపానులో 14,800 యెన్‌ల ధరకు అమ్మకమునకు వచ్చినది. 1985లో అది ఎన్.ఇ.ఎస్. అను పేరును, బూడిదరంగు పెట్టెను ధరించి అమెరికా చేరెను. ఈ రెండు రూపములలోను కలిపి 6 కోట్ల 19 లక్షల యంత్రములు అమ్ముడుపోయెను. జపానులో 2003 వరకును ఉత్పత్తి సాగెను.

కార్ట్రిడ్జి ఆటను దాచియుంచు భరిణె మాత్రమే అనుకొనుట పొరపాటు. అది కన్సోలులో ఒక భాగము. ఈ విషయము గ్రహింపనిదే ప్రతికృతుల తారతమ్యము బోధపడదు. ఫామికామ్ కార్ట్రిడ్జిని విప్పి చూచినచో, చిన్న పలకపై సాధారణముగా రెండు పెద్ద చిప్పులు కానవచ్చును; ఒకదానిలో ఆట ప్రోగ్రామును, రెండవదానిలో బొమ్మలును ఉండును. పలక అంచున వరుసగా 60 పిన్నులుండును. కార్ట్రిడ్జిని గాడిలో దించగానే, కన్సోలులోని ప్రధానచిప్పు ప్రోగ్రామును, చిత్రచిప్పు బొమ్మలను, వేర్వేరు మార్గముల వెంట ఏకకాలమున చదువనారంభించును. కన్సోలునకు సొంతమైన పనిస్మృతి 2 కిలోబైట్లు, చిత్రస్మృతి మరి 2 కిలోబైట్లు, ఇంతే. 1985 సెప్టెంబరులో వెలువడిన సూపర్ మేరియో బ్రదర్స్ ఆట సమస్తమును, దాని లోకములన్నిటితోను, సంగీతముతోను, 40 కిలోబైట్లలో ఇమిడియున్నది. తరువాతి ఆటలు అంతకంటె పెద్దవి కాగా, ప్రధానచిప్పు ఒకేసారి చూడగల అవధి చాలక, కార్ట్రిడ్జిలోనే మాపరు అను మూడవ చిప్పునుంచి, స్మృతిలోని అరలను అవసరమైనప్పుడెల్ల మార్చి చూపు ఏర్పాటు చేసిరి. కొన్ని మాపరులు అంతటితో ఆగక కన్సోలునకు లేని శక్తులను కూడ తెచ్చిపెట్టెను. కొనామి సంస్థ 1989లో జపానులో వెలువరించిన మూడవ కాసిల్‌వేనియా కార్ట్రిడ్జిలోని చిప్పు, ఫామికామ్‌కు సహజముగా గల ధ్వనులకు తోడు మరి మూడు స్వరములను పలికించును. అమెరికా ఎన్.ఇ.ఎస్. కార్ట్రిడ్జికి 72 పిన్నులున్నను, ఆ ధ్వనిని కన్సోలునకు చేర్చు రెండు పిన్నులు దానిలో లేవు. కావున అమెరికా ప్రతిలో వేరొక మాపరును పెట్టి, ఆ అదనపు స్వరములను వదలుకొనవలసివచ్చినది.

ఇక చిత్రము సంగతి. ఫామికామ్ చిత్రచిప్పు ఒక పూర్తి దృశ్యమును ముందుగా కట్టి ఎక్కడను భద్రపరుపదు. పిక్చరు ట్యూబులోని ఎలక్ట్రాను కిరణము తెరపై ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి పోవుచుండగా, దాని వెన్నంటియే ఆయా బిందువుల రంగును అప్పటికప్పుడు నిర్ణయించి పంపుచుండును. గాయకుడును మృదంగ విద్వాంసుడును ఒకే తాళమున నడచునట్లు, యంత్రమును తెరయు ఒకే కాలప్రమాణమునకు బద్ధములైయుండెను. మీట నొక్కిన ఫలితము మరుసటి దృశ్యముననే కంటికి కనబడెడిది. ఒక దృశ్యమునకు పట్టు కాలము సెకనులో ఇంచుమించు 60వ వంతు. పైగా ఆనాటి నిర్మాతలు టెలివిజను ప్రమాణమును ఒకచోట ఉపాయముగా సడలించిరి. అమెరికా, జపాను దేశముల ప్రసారపద్ధతిలో ఒక దృశ్యపు గీతలు రెండు విడతలుగా, బేసి గీతలొకసారియు సరి గీతలొకసారియు, పెనవేసుకొని వచ్చును; కన్సోళ్ళు మాత్రము ప్రతిమారును అవే గీతలపై చిత్రించి, 240 గీతల నిలుకడయైన చిత్రమును సృష్టించెను. పిక్చరు ట్యూబు దీనిని ఎట్టి ఆక్షేపణయు లేక స్వీకరించెను.

నేటి పలుచని టెలివిజను అట్లు స్వీకరింపదు. అది తనకు వచ్చిన అనలాగ్ సంకేతమును ముందు సంఖ్యలుగా మార్చి, ఒక దృశ్యము కూడువరకు ఆగి, దానిని తన తెరకు సరిపడునట్లు సాగదీసి, మెరుగులు దిద్ది, పిదప చూపును. 240 గీతల సంకేతమును అది తరచుగా పెనవేసిన 480 గీతల సంకేతమని భ్రమించి, లేని బేసి, సరి గీతలను కలుపబూనును. తత్ఫలితముగా, కదలు బొమ్మల అంచులు దువ్వెనపండ్ల వలె చీలుటయే గాక, దెబ్బతిన్న కథానాయకుడు క్షణకాలము మినుకుమినుకుమను దృశ్యములందు అతడు పూర్తిగా కనబడకుండుటయో, సగము నీడగా నిలిచిపోవుటయో సంభవించును. ఒక దృశ్యమును చూపి మరుదృశ్యమున దాచుట అను ఆనాటి ఉపాయము ఈ భ్రమవలన భగ్నమగుచున్నది. దీనికితోడు, ఆంటెనా ద్వారమున ప్రవేశించు రేడియో తరంగ సంకేతమును గ్రహించు అనలాగ్ ట్యూనరు అనేక కొత్త టెలివిజనులలో లేదు. పసుపురంగు తలగల కాంపోజిట్ తీగకు గూడ చోటు కరవైనది. అన్నిటిని మించినది ఆలస్యము. తెర తన సంస్కరణలకు తీసికొను కాలము రెండు, మూడు దృశ్యముల కాలమైనను చాలును, గోతిపై దుముకవలసిన క్షణము తప్పిపోవును. ఆటగాడు తన నైపుణ్యమే తగ్గినదని నొచ్చుకొనును. టెలివిజనులోని గేమ్ మోడ్ అను ఏర్పాటు ఈ సంస్కరణలను చాలవరకు మాన్పించి ఆలస్యమును తగ్గించును గనుక, పాత ఆటలు ఆడువారు మొట్టమొదట చేయవలసిన పని దానిని ఎన్నుకొనుట.

ప్రతికృతి కన్సోళ్ళు మాత్రము ఈ ఇబ్బందులకు పరిష్కారముగా పుట్టినవి కావు. అసలు యంత్రము చేరని దేశములలో, చేరినను సామాన్యులకు అందని ధరగల చోట్ల, 1980ల చివర ఇవి అవతరించెను. తైవానులోని యు.ఎం.సి. అను అర్ధవాహక సంస్థ ఫామికామ్ చిప్పులకు సమానములగు చిప్పులను తయారుచేయగా, వాని ఆధారమున తైవానునుండి మైక్రో జీనియస్ మొదలగు యంత్రములు బయలుదేరి ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండములకు వ్యాపించెను. పోలండులో పెగాసస్ అనియు, రష్యాలో 1992లో స్టీప్లర్ సంస్థ విక్రయింప మొదలిడిన డెండీ అనియు, ఒక్కొక్క దేశమున ఒక్కొక్క పేరుతో ఇవియే ఇంటింటి వస్తువులైనవి. ఆ దేశములలో ఒక తరమంతయు నింటెండో పేరు వినకయే నింటెండో ఆటలు ఆడి పెరిగినది. భారతదేశమున లిటిల్ మాస్టర్ మున్నగు పేర్లతో వచ్చిన టీవీ గేములు ఈ కుటుంబమునకు చెందినవే. మన పట్టణములలో వేసవి సెలవులకు వానిని కొని తెచ్చి, కాంట్రా, మేరియో ఆటల కేసెట్టులను, అనగా కార్ట్రిడ్జిలను, ఇరుగుపొరుగు పిల్లలు మార్చుకొని ఆడిన కాలము 1990లలో గడచినది.

అనంతరకాలమున ప్రధానచిప్పును, చిత్రచిప్పును, తక్కిన సహాయక భాగములను ఒకే సిలికాను పలుకుపై ఇమిడ్చి, యంత్రపు ఖరీదును అత్యల్పము చేసిరి. ఇట్టి యంత్రమును విప్పినచో పలకపై చిప్పుకు మారుగా గట్టిపడిన నల్లని జిగురుబొట్టు ఒకటి కానవచ్చును; కన్సోలు సమస్తమును ఆ బొట్టు క్రిందనే ఉన్నది. నేడు తక్కువ వెలకు దొరకు క్లోనులలో అధికభాగమునకు ఇదియే హృదయము. కార్ట్రిడ్జితో నేరుగా సంబంధము పెట్టుకొనుట దీని గుణము. అసలు చిప్పుల వర్తనమును అక్షరాలా అనుసరింపకపోవుట దీని దోషము. ఫామికామ్ ధ్వనిలోని చతురస్రతరంగములకు గల వెడల్పులలో రెండింటిని అనేక క్లోనులు తారుమారు చేసినవి. అందుచేత పరిచితమైన రాగమే అయినను గొంతు మారినట్లు వినబడును. చిత్రచిప్పు చేయు పనిని కార్ట్రిడ్జి వైపునుండి కనిపెట్టి చూచుచు నడువవలసిన మాపరులకు, ఆ సంకేతములన్నియు ఈ యంత్రములలో అందవు. అమెరికా ప్రతియైన మూడవ కాసిల్‌వేనియా పెక్కు క్లోనులలో ఆడకుండుటకు కారణము ఇదియే. ఇట్టి వానిలో కొన్నిటికి ఇటీవల, నేటి టెలివిజనులు చిత్రమును సంఖ్యారూపమున గ్రహించు హెచ్.డి.ఎం.ఐ. ద్వారమును చేర్చి అమ్ముచున్నారు. వానిలో చాలవాటిలో జరుగునది ఏమనగా, పాత కాంపోజిట్ సంకేతమునే లోపల చవుకరకపు మార్పిడి చిప్పుకు అందించి పెద్దది చేయుట. రంగులు ఒకదానిలోనొకటి కారిన అంచులతోనే చిత్రము కొత్త తెరపై విస్తరించును. పెట్టెపైనున్న హెచ్.డి. అను రెండక్షరములను చూచి మోసపోరాదు.

రెండవ మార్గము సాఫ్ట్‌వేరు అనుకరణము. హైపర్‌కిన్ సంస్థ 2014లో వెలువరించిన రెట్రాన్ 5 దీనికి ప్రసిద్ధోదాహరణము. ఐదు గాడులతో తొమ్మిది రకముల కార్ట్రిడ్జిలను స్వీకరించు ఈ యంత్రము వాస్తవమున ఒక చిన్న ఆండ్రాయిడ్ కంప్యూటరు. కార్ట్రిడ్జిని చొప్పింపగానే దానిలోని ప్రోగ్రామును తన స్మృతిలోనికి ఎత్తి వ్రాసికొని, పిదప పాత కన్సోలును అనుకరించు ప్రోగ్రాముచే ఆ నకలును నడిపించును. 2023లో వచ్చిన అటారీ 2600 ప్లస్ యంత్రమును ఈ పద్ధతినే అవలంబించెను. చిత్రము ఆదినుండియు సంఖ్యారూపమున ఉండుటచే తెరపై నిర్మలముగా కనబడును. ఆటను ఏ క్షణముననైనను నిలిపి, ఆ స్థితిని భద్రపరచుకొనవచ్చును. కార్ట్రిడ్జిలోని పాత ఆటల ప్రగతిని యంత్రమునకు దింపుకొనవచ్చును. అయితే కార్ట్రిడ్జి ఇందు కన్సోలులో భాగముగా గాక, ఒకసారి చదివి ప్రక్కన పెట్టదగిన పుస్తకముగా మాత్రమే మిగులుచున్నది. 1993 నాటి స్టార్ ఫాక్స్ కార్ట్రిడ్జిలో, త్రిపరిమాణ రూపములను లెక్కించుటకై సూపర్ ఎఫ్ఎక్స్ అను ఒక ప్రత్యేక గణకచిప్పు కలదు; అట్టి చిప్పు పెట్టెలో సజీవముగా ఉండగానే, దాని పనిని గూడ సాఫ్ట్‌వేరు తిరిగి అభినయింపవలసివచ్చును. యంత్రము ఎరుగని మాపరు గల కార్ట్రిడ్జి ఎదురైనచో ఆట సాగదు.

మూడవ మార్గమే ఈ విద్యకు పరాకాష్ఠ. ఎఫ్.పి.జి.ఎ. అనునది తయారైన పిదప కూడ తనలోని తార్కిక సంబంధములను కోరిన రీతిని మార్చుకొనగల చిప్పు. పాత కన్సోలులోని ప్రతి చిప్పును ఒక్కొక్క గడియారపు స్పందనకు ఏమి చేయునో పరిశోధించి, ఆ వర్తనమును విద్యుద్వలయములుగా వర్ణించి, ఎఫ్.పి.జి.ఎ.లో నెలకొల్పినచో, పాత యంత్రము కొత్త శరీరమున మరల పనిచేయ మొదలిడును. ఇందు ప్రధానచిప్పు, చిత్రచిప్పు, ధ్వనిచిప్పు వరుసగా ఒకదాని తరువాత ఒకటి గాక, అసలు యంత్రమునందువలెనే ఏకకాలమున పనిచేయును; కార్ట్రిడ్జి కూడ తన పూర్వస్థానమునందే, ప్రతి స్పందనకును బదులు చెప్పుచు, కన్సోలులో భాగముగా ఉండును. కార్ట్రిడ్జిలు 5 వోల్టుల విద్యుత్తునకును, నేటి ఎఫ్.పి.జి.ఎ.లు 3.3 వోల్టులకును అలవాటుపడినవి గనుక, నడుమ స్థాయిని మార్చు చిప్పులు తప్పనిసరి. 2016లో రెట్రోయూఎస్‌బీ వెలువరించిన ఎ.వి.ఎస్. యంత్రము 60 పిన్నుల ఫామికామ్ కార్ట్రిడ్జికిని, 72 పిన్నుల ఎన్.ఇ.ఎస్. కార్ట్రిడ్జికిని వేర్వేరు గాడులు కలిగియున్నది. సియాటిల్ నగరపు అనలాగ్ సంస్థ తొలుత పాత ఫామికామ్‌లనుండి ఊడదీసిన అసలు చిప్పులతోనే ఎన్.టి. అను యంత్రమును కట్టినది. అనంతరము కెవిన్ హార్టన్ రచించిన ఎఫ్.పి.జి.ఎ. రూపములను గ్రహించి, 2017లో ఎన్.టి. మినీని, 2018లో ఫామికామ్ తరువాతి యంత్రమగు సూపర్ ఫామికామ్ కార్ట్రిడ్జిలకై సూపర్ ఎన్.టి.ని, 2019లో సెగా మెగా డ్రైవ్ కార్ట్రిడ్జిలకై మెగా ఎస్.జి.ని వెలువరించెను.

హార్టన్ వంటి పరిశోధకుల శ్రమను గూర్చి ఒక మాట చెప్పవలెను. వారు సంవత్సరములు వెచ్చించి సాధించినది పాత యంత్రముల గుణములను మాత్రమే కాదు, లోపములను గూడ. ఫామికామ్ చిత్రచిప్పు ఒక అడ్డుగీతపై ఎనిమిదింటికి మించి కదలు బొమ్మలను చూపజాలదు, తొమ్మిదవది మాయమగును. ఈ లోపమును సవరించినచో ఆట అందగించునని తోచవచ్చును. కాని రెండవ కాసిల్‌వేనియాలో నాయకుడు ఊబిలో దిగునప్పుడు అతని కాళ్ళు మునిగినట్లు కనబడుటకు, ఆ గీతలపై ఎనిమిది కనరాని బొమ్మలను వరుసగా పేర్చి, తొమ్మిదవదియైన కాళ్ళను చిప్పే వదలివేయునట్లు చేసిరి. లోపమును తీసివేసిన యంత్రములో నాయకుడు ఊబిపై పొడి కాళ్ళతో నిలిచియుండును. ఆనాటి కళాకారులు యంత్రపు బలహీనతను ఎరిగి, దానినే కుంచెగా వాడిరి. ప్రతికృతికి యథార్థతయే ప్రథమధర్మమని నేను నొక్కి చెప్పుటకు ఇదియే హేతువు.

నిర్మలమైన చిత్రమే ఎల్లప్పుడును యథార్థచిత్రము కాదనుటకు మరియొక నిదర్శనము కలదు. 1991లో మెగా డ్రైవ్ యంత్రమునకు వచ్చిన సోనిక్ ఆటలోని జలపాతములు సన్నని నిలువు చారలుగా చిత్రింపబడినవి. కాంపోజిట్ తీగలోని సహజమగు అస్పష్టత ఆ చారలను కలిపివేసి, వెనుకనున్న కొండ పలుచగా అగపడు నీటిపొరను కంటికి కల్పించెడిది. హెచ్.డి.ఎం.ఐ. తెరపై జలపాతము కటకటాల వలె నిలువు గీతలై తేలును. అందుచేత మేలైన ప్రతికృతులు, పిక్చరు ట్యూబు గీతలను అనుకరించు పొరలను, అంచులను మృదువుచేయు ఏర్పాట్లను ఆటగాని ఇచ్ఛకు వదలుచున్నవి.

కొలతల విషయమునను కొంత వివేకము అవసరము. 240 గీతల చిత్రమును 720 గీతల తెరపై సరిగా మూడింతలు చేయవచ్చును. 2160 గీతల 4కె తెరపై సరిగా తొమ్మిదింతలు. నడుమనున్న 1080 గీతల తెరపై మాత్రము నాలుగున్నర యింతలగుటచే, కొన్ని గీతలు లావుగను కొన్ని సన్నముగను వచ్చి, తెర కదలునప్పుడు చిత్రము అలలుగా వణకును. అప్పుడు నాలుగింతలతో తృప్తిపడి పైని క్రిందను నల్లని అంచులను సహించుటయో, ఐదింతలు చేసి కొంత చిత్రమును కోల్పోవుటయో మేలు. వెడల్పులోను, ఆనాటి బిందువు చతురస్రము కాదు. ఎత్తు ఏడు పాళ్ళయినచో వెడల్పు ఎనిమిది పాళ్ళు. చిత్రమును 16:9 తెర నిండునట్లు సాగదీయుట ఆ చిత్రకారులకు చేయు అన్యాయము.

కాలప్రమాణమును గూర్చిన చిక్కు ఇంకను సూక్ష్మమైనది. ఫామికామ్ సెకనుకు 60.0988 దృశ్యములను చిత్రించును; హెచ్.డి.ఎం.ఐ. తెర సరిగా 60 దృశ్యములను కోరును. ఈ స్వల్పభేదమును ఉపేక్షించినచో ప్రతి పది సెకన్లకు ఒక దృశ్యము ఎగిరిపోయి, సాఫీగా జరుగు తెర ఒక్కసారి తడబడును. దీనికి రెండు ఉపాయములు కలవు: ఒకటి, దృశ్యమును కొంతసేపు నిలువచేసి తడబాటును, ఆలస్యమును సహించుట, రెండవది, కన్సోలు గడియారమునే వేయింట ఒకటిన్నర వంతు మందగింపజేసి తెరతో కలుపుట. ఈ రెండవదానివలన కలుగు భేదమును చెవియు, కన్నును గుర్తింపజాలవు. కనుక ఆలస్యమును సహింపని ఆటగాండ్రు దానినే ఆదరింతురు.

ఏ ప్రతికృతియు జయింపలేని ఆట ఒకటున్నది. బాతులను కాల్చు డక్ హంట్ ఆటలోని జాపరు తుపాకి, మీట నొక్కగానే తెరను ఒక దృశ్యకాలము నలుపుచేయించి, మరుదృశ్యమున బాతు ఉన్నచోట మాత్రమే తెల్లని చతురస్రమును వెలిగించి, ఆ వెలుగు తన గొట్టములోని గ్రాహకమునకు తగిలినదా లేదా అని చూచును. అది వెదకునది ఎట్టి వెలుగైనను కాదు, పిక్చరు ట్యూబు కిరణపు వేగముతో స్పందించు వెలుగు మాత్రమే. నేటి తెర ఆ రీతిని వెలుగదు, ఆ క్షణమునకు వెలుగదు. లోపము కన్సోలుది కానందున కన్సోలును ఎంత తీర్చిదిద్దినను ప్రయోజనము లేదు.

న్యాయశాస్త్రదృష్టిని, యంత్రమును అనుకరించుట వేరు, ఆటను నకలు చేయుట వేరు. ఫామికామ్ యంత్రమునకు సంబంధించిన పేటెంటులు 21వ శతాబ్ది తొలి సంవత్సరములలో గడువు తీరినవి. ఆటలపై గ్రంథస్వామ్యము మాత్రము ఇంకను చాలకాలము నిలుచును. ఎన్.ఇ.ఎస్.లో అనుమతి లేని కార్ట్రిడ్జిలను తిరస్కరించుటకై 10ఎన్.ఇ.ఎస్. అను తాళపుచిప్పు ఉండెను. కార్ట్రిడ్జిలోని జోడుచిప్పుతో దానికి సంభాషణ కుదరనిచో కన్సోలును సెకనుకొకమారు మొదటికి తెచ్చుచు, దాని దీపమును మినుకుమినుకుమనిపించుచుండెడిది. అటారీ గేమ్స్ సంస్థ ఆ చిప్పు రహస్యమును కాపీరైటు కార్యాలయమునుండి అసత్యము చెప్పి సంపాదించినదని 1992లో అమెరికా న్యాయస్థానము తప్పుపట్టెను. అదే సంవత్సరమున సెగా, అకొలేడ్ సంస్థల వివాదమున మరియొక న్యాయస్థానము, పొందికకు అవసరమైన సమాచారమును గ్రహించుటకై ఒక ప్రోగ్రామును విప్పి పరిశీలించుట న్యాయమైన వినియోగమేనని తీర్పు చెప్పెను. ప్రతికృతి నిర్మాతలకు ఈ తీర్పు గొప్ప ఆలంబనము. మన దేశమున 1957 కాపీరైటు చట్టమునకు 1999లో చేసిన సవరణయు ఇట్టి పరిశీలనకు అవకాశమొసగినది. ప్రతికృతులలో తాళపుచిప్పే ఉండదు కనుక, పాత ఎన్.ఇ.ఎస్.ను పీడించిన ఆ మినుకు దీపపు బాధ వానికి లేదు.

కార్ట్రిడ్జి ఆడనప్పుడు దోషము సాధారణముగా పిన్నులపై చేరిన మురికిది. నోటితో ఊదుట లోకమంతట వ్యాపించిన అలవాటైనను హానికరము. ఊపిరిలోని తేమ లోహమును క్రమముగా తినివేయును. ఊదినపుడు ఆట ఆడుటకు కారణము, కార్ట్రిడ్జిని తీసి మరల పెట్టుటలో పిన్నులు కొత్తగా ఒరసుకొనుటయే. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో పిన్నులను తుడిచి, ఆరిన పిమ్మట చొప్పించుట సరియైన పద్ధతి. ఆట ప్రగతిని భద్రపరచు కార్ట్రిడ్జిలలో 3 వోల్టుల నాణెపు బ్యాటరీ ఉండును. ప్రోగ్రాము ముద్రింపబడిన చిప్పు దీర్ఘకాలము నిలుచును గాని, ఈ బ్యాటరీ రెండు దశాబ్దులకు అటునిటుగా ఇంకిపోవును. అది పలకకు టంకము వేయబడియుండుటచే, మార్చుటకు చేయి తిరిగినవాడు కావలెను. మార్చునప్పుడు పాత ప్రగతి చెరిగిపోవును గనుక, ముందుగా నకలు తీసికొనుట మంచిది.

తెలుగు దేశములోని ఇండ్లలో నేటికిని అటకలపై పడియున్న కేసెట్టులు ప్రాయికముగా 60 పిన్నుల ఫామికామ్ కొలతవి. పైని లక్షల సంఖ్య అచ్చువేసి లోపల కొలది ఆటలనే పెట్టిన కేసెట్టులలో, ఆటల పట్టికను చూపి ఎన్నుకొననిచ్చు సొంత మాపరులుండును. వానిని ఎత్తి వ్రాసికొను సాఫ్ట్‌వేరు యంత్రములు తరచుగా పోల్చుకొనలేవు, కార్ట్రిడ్జితో నేరుగా మాటలాడు యంత్రములు సాధారణముగా నడుపగలవు. మరియొక విశేషము గమనింపదగినది. మన టెలివిజను పద్ధతి పాల్. సెకనుకు 50 విడతలు. దానికి అనుగుణముగా చేయబడిన ప్రతికృతులలో, 60 దృశ్యములకై రచింపబడిన ఆట ఆరింట అయిదు వంతుల వేగముతో నడిచెడిది: ఒక నిమిషములో ముగియవలసిన ఘట్టమునకు 72 సెకన్లు పట్టెడివి. ప్రధానచిప్పు గడియారము మాత్రము అసలుదానికి ఇంచుమించు సమానముగా ఉంచబడుటచే, పాట శ్రుతి మారక నడక మాత్రమే మందగించెడిది. ఆ నడకకు చేతులు అలవడినవారు నేటి 60 దృశ్యముల ప్రతికృతిపై తమ పాత కేసెట్టును ఆడినచో, శత్రువులు త్వరపడుచున్నట్లును సంగీతము పరుగెత్తుచున్నట్లును తోచును. అసలు వేగము ఇదియే. పాత మందగతినే కోరువారికి, మిస్టర్ అను స్వచ్ఛంద ఎఫ్.పి.జి.ఎ. పథకమున రష్యా యంత్రపు పేరిట డెండీ పద్ధతిని ప్రత్యేకముగా ఎన్నుకొను వీలున్నది గాని, ఆ యంత్రమునకు కార్ట్రిడ్జి గాడి లేదు.